సింగిల్స్‌లో నెగ్గలేకే పెయిర్స్‌కి వెళ్తారా?

పటమట_రవి
అమ్మాయికి 12 ఏళ్లు. చక్రాల మీద ఆర్టిస్టిక్, ఫ్రీ స్కేటింగ్ సింగిల్స్. జంపుల్లో ఆక్సెల్ వచ్చింది, డబుల్ సాల్కౌ వచ్చీ రానట్టుంది. ఇప్పుడు కోచ్ గారు 15 ఏళ్ల అబ్బాయితో జత కట్టి పెయిర్స్ మొదలుపెడదాం అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ల మాట: "అంటే ఒక్కత్తే నెగ్గలేదని తేల్చేశారన్నమాట." పెయిర్స్ నిజంగా రెండో మెట్టేనా? అటు వెళ్తే మళ్లీ సింగిల్స్‌కి రావచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఓదార్పు వద్దు.

బందరురోడ్డు
ఓదార్పు వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. అవును, రెండో మెట్టే. ఐస్ మీది ఫిగర్ స్కేటింగ్‌లో 2025–26 సీజన్ దాకా ఉన్న లెక్క చూడండి. సింగిల్స్ ఫ్రీ ప్రోగ్రామ్‌లో జంప్ ఎలిమెంట్లు 7. పెయిర్స్‌లో పక్కపక్కన దూకేవి రెండే: ఒక సోలో జంపు, ఒక కాంబినేషన్. పెద్ద పెద్ద జంటలు కూడా అక్కడ ట్రిపుల్ టో, ట్రిపుల్ సాల్కౌ, డబుల్ ఆక్సెల్‌తో నెట్టుకొస్తాయి. ట్రిపుల్ ఆక్సెల్‌కి 8.0 మార్కులు. అది చేతిలో ఉన్నవాడు జత ఎందుకు వెతుక్కుంటాడు?

బ్రాడీపేట_4వలైన్
సగం బిల్లు చూపించి మొత్తం అంటే ఎలా బాబూ? ఆ రెండు జంపులు కాక రెండు థ్రోలు (అబ్బాయి విసిరితే అమ్మాయి తిరిగి దిగేవి), ఒక ట్విస్టు (పైకి విసిరి మళ్లీ పట్టుకునేది), తలపైకెత్తే లిఫ్టులు, డెత్ స్పైరల్ (అబ్బాయి చెయ్యి పట్టుకుని అమ్మాయి నేలకి దగ్గరగా వాలి తిరిగేది), జంట స్పిన్ కూడా అదే 4 నిమిషాల్లో పట్టాలి. వీటిలో ఒక్కటి కూడా సింగిల్స్ వాళ్లకి రాదు.

రవి గారూ, మీది చక్రాల సంగతి కాబట్టి ముందు మనవాడి పేరే చెప్తా. అనూప్ కుమార్ యమ, హైదరాబాద్. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల సింగిల్స్ ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం, అవే క్రీడల్లో అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో కాంస్యం. 2015లో అర్జున అవార్డు. నెగ్గలేక వెళ్లాడని మీ పెద్దవాళ్లకి ఎవరైనా చెప్పగలరా?

బందరురోడ్డు
అది చక్రాలు. నేనన్నది ఐస్.

లట్జ్_లలిత
ఐసే కావాలా, సరే. అమెరికా స్కేటర్ క్రిస్టీ యమగుచి. 1988 ప్రపంచ జూనియర్ పోటీల్లో సింగిల్స్ బంగారం ఆమెదే, రూడీ గలిండోతో పెయిర్స్ బంగారమూ ఆమెదే. 1989, 1990 అమెరికా జాతీయ పెయిర్స్ టైటిళ్లు వాళ్లిద్దరివే. ఇద్దరూ గట్టి సింగిల్స్ స్కేటర్లు కాబట్టి పక్కపక్కన ట్రిపుల్ ఫ్లిప్ వేసేవాళ్లు. ఇవాళ్టి జంటల్లో కూడా అది అరుదు. బందరురోడ్డు గారి "నెట్టుకొచ్చే" లెక్కలోకి వాళ్లు రారు.

ఇక అసలు సంగతి. 1990 ప్రపంచ పోటీల్లో ఆమె స్థానాలు సింగిల్స్‌లో 4, పెయిర్స్‌లో 5. రెండు చోట్లా గుమ్మం దాకా వచ్చి ఆగింది. అక్కడ కొరత ప్రతిభకి కాదు, గంటలకి. రెండు ప్రోగ్రామ్‌ల సాధన, ఇద్దరు కోచ్‌లు. పెయిర్స్ కోచ్ జిమ్ హ్యూలిక్ 1989 చివర్లో చనిపోయారు. సింగిల్స్ కోచ్ క్రిస్టీ నెస్ కెనడాలోని ఎడ్మంటన్‌కి మారారు. 1990లో ఆమె పెయిర్స్ వదిలేసింది. సరిగ్గా అప్పుడే సింగిల్స్‌లోంచి కంపల్సరీ ఫిగర్లు తీసేశారు. ఐస్ మీద వలయాలు గీసే ఆ పరీక్షలోనే ఆమె వెనకబడేది. 1991లో ప్రపంచ టైటిల్, 1992 ఆల్బర్‌విల్‌లో ఒలింపిక్ బంగారం.

కాబట్టి రవి గారి రెండో ప్రశ్నకి జవాబు: తిరిగి రావచ్చు. రెండూ ఒకేసారి లాగడమే కష్టం.

కృష్ణలంక_కుర్రాడు
మరి గలిండో సంగతేంటి అక్కా? ఆమె వెళ్లిపోయాక ఆయనా సింగిల్సేగా?

లట్జ్_లలిత
అవును తమ్ముడూ. 1995 జాతీయ పోటీల్లో 8వ స్థానం. 1996లో సొంతూరు శాన్ హోసేలో జాతీయ ఛాంపియన్. ఆ ఏడే ప్రపంచ పోటీల్లో కాంస్యం. అది జరిగిన ఊరు ఎడ్మంటన్. విధి అంటారు కదా, ఇలాంటి చోటే.

మంగళగిరి_మగ్గం
వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది. పాప ఏ వైపు తిరుగుతుంది, అబ్బాయి ఏ వైపు తిరుగుతాడు? ఎక్కువమంది దూకేది గుడిలో ప్రదక్షిణకి ఎదురు వైపు, అంటే ఎడమకి తిరుగుతారు. కొందరు ప్రదక్షిణ వైపే తిరుగుతారు. ఇద్దరిదీ ఒకే వైపు అయితే పక్కపక్కన జంపులు, స్పిన్లు ఒకే బొమ్మలా కనిపిస్తాయి. చెరో వైపు అయితే అద్దంలో బొమ్మలా ఉంటుంది. యమగుచి, గలిండోలది అలాంటి జంటే. చూడ్డానికి బాగుంటుంది. కానీ జంట స్పిన్‌లో, ట్విస్టులో, థ్రోలో ఎవరో ఒకరు తన సొంత వైపు వదులుకోవాలి. 12 ఏళ్ల పిల్లని వైపు మార్చుకోమంటే ఉన్న ఆక్సెల్ కూడా పోతుంది.

గోంగూర_పచ్చడి
ఎత్తు, బరువు, తిరిగే వైపు. మూడూ కుదిరాక ముహూర్తం. పెళ్లి చూపులకి ఇంత చూడరు.

ఆటోనగర్_యాక్సిల్
మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు నెలకి మూడుసార్లు ఆగుతోంది, వీళ్ల లిఫ్టులే నయం.

ఎనిమిది_చక్రాలు
రవి గారికి పనికొచ్చే మాట. పాప ఒంటరిగా నేర్చుకున్న దాంట్లో ఏది పెయిర్స్‌కి పనికొస్తుంది, ఏది అడ్డం పడుతుంది అన్నది ఎవరూ చెప్పలేదు.

పనికొచ్చేవి: ఎడ్జ్ మీద, అంటే స్కేటు ఒక పక్కకి వాల్చి వెళ్లేటప్పుడు నిలకడ, ల్యాండింగ్‌లో మోకాలు వంగే అలవాటు, గాల్లో బిగువుగా ఉండటం.

అడ్డం పడేది టైమింగ్. సొంతంగా దూకేటప్పుడు కాలు నేల వదలగానే చేతులు లోపలికి లాగేస్తాం, ఎందుకంటే గాల్లో ఉండేది తక్కువసేపు. థ్రోలో అబ్బాయి విసురుతాడు. ఎత్తు ఎక్కువ, దూరం ఎక్కువ. అలవాటు కొద్దీ వెంటనే లాగేస్తే తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగి, కిందకి వచ్చేసరికి ఒళ్లు ఎటో ఉంటుంది. థ్రోలో మొదట నేర్పేదే ఆగడం. పైకి వెళ్లేదాకా చేతులు తెరిచే ఉంచి, పైన మూసి, దిగే ముందు తెరవాలి. దెబ్బంతా దిగే కాలి మోకాలు, తుంటి మీద పడుతుంది కాబట్టి తుంటి ప్యాడ్ లేకుండా థ్రో సాధన వద్దు.

మొదలు ఇలా పెడతారు. మొదటి రెండు నెలలు థ్రో, లిఫ్టు మాటే ఎత్తకూడదు. చేతులు పట్టుకుని స్ట్రోకింగ్ (కాలు మార్చి కాలు తోస్తూ వెళ్లడం), క్రాస్‌ఓవర్లు (ఒక కాలి మీంచి ఇంకో కాలు దాటిస్తూ వంపు తిరగడం). ఇద్దరి మోకాలు ఒకే లోతు వంగాలి, తోసే కాలు ఒకేసారి నేల వదలాలి. ఇక్కడ తేడా ఉంటే తర్వాత ఏదీ కుదరదు. తర్వాత పక్కపక్కన వాల్ట్జ్ జంపు (అర చుట్టు జంపు), సింగిల్ సాల్కౌ. ముందు 3 మీటర్ల దూరంలో, తర్వాత దగ్గరగా. ఎవరి వేగం తక్కువో వాళ్లదే లెక్క, రెండోవాళ్లు తగ్గాలి. లిఫ్టు మొదటిసారి నేల మీద, మామూలు బూట్లతో, పరుపు వేసి, పక్కన ఒక మనిషిని నిలబెట్టి. థ్రో అయితే థ్రో వాల్ట్జ్ జంపుతో మొదలు.

పటమట_రవి
ఇది బాగుంది. లిఫ్టులో ఎక్కువ ప్రమాదం ఎత్తేటప్పుడేనా?

ఎనిమిది_చక్రాలు
కాదండీ, దించేటప్పుడు. ఎత్తేటప్పుడు అమ్మాయి కూడా దూకుతుంది, సగం బలం ఆమె కాళ్లదే. అబ్బాయి మోకాళ్లతో ఎత్తాలి, నడుముతో కాదు. దించేటప్పుడు మాత్రం అలసిపోయిన చేతులతో, వెనక్కి కదులుతూ, ఆమెని ఒక్క కాలి మీద దించాలి. చాలామంది పైన చెయ్యి చాచి ఫొటోకి నవ్వడం సాధన చేస్తారు, దిగడం చెయ్యరు. ఇంకో తప్పు, పైన ఉన్న అమ్మాయి భయంతో నడుము వదిలేయడం. బిగువుగా ఉన్న 35 కిలోలు తేలిక, వదిలేసిన 35 కిలోలు బియ్యం మూట.

15 ఏళ్ల అబ్బాయి ఇంకా ఎదుగుతుంటాడు. తలపైకి చేతులు పూర్తిగా చాచే లిఫ్టులకి తొందర వద్దు. చంకల కింద పట్టుకునేది మొదటి గ్రూపు, నడుము పట్టుకునేది రెండో గ్రూపు. ఏడాది పాటు అవి చాలు.

లట్జ్_లలిత
ఐస్‌లో గ్రూపులు 5. మూడోది తుంటి దగ్గర చెయ్యి ఆనించి ఎత్తేది. నాలుగోది చెయ్యీ చెయ్యీ కలిపి నేరుగా పైకి నెట్టేది. అయిదోది లాసో, అంటే అమ్మాయిని తిప్పుతూ తలపైకి తీసుకెళ్లేది. మార్కులు అయిదో దానికే ఎక్కువ. అబ్బాయి తిరిగేది కూడా మూడున్నర చుట్లు దాటకూడదు.

బందరురోడ్డు
ప్రమాదం గురించి ఎవరూ సూటిగా మాట్లాడట్లేదు. పెయిర్స్ స్కేటర్ ఎలెనా బెరెజ్నాయా. 1996 జనవరి, రీగా, సాధనలో పక్కపక్కన కామెల్ స్పిన్ (ఒక కాలు వెనక్కి చాచి తిరిగేది) చేస్తుంటే అప్పటి భాగస్వామి బ్లేడు తలకి తగిలి పుర్రెలో దిగింది. అది లిఫ్టు కాదు, థ్రో కాదు, మామూలు స్పిన్. సింగిల్స్‌లో ఈ ముప్పు లేదు.

మంగళగిరి_మగ్గం
ఒప్పుకుంటా. అందుకే కామెల్‌కి దూరం కొలిచి మొదలుపెట్టాలి. కాలు వెనక్కి చాచితే స్కేటు చివరి దాకా ఎంత పొడవో ఇద్దరిదీ టేపుతో కొలవండి, రెండూ కలిపి ఇంకో మీటరు వేసుకోండి. నేల మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టండి. ఎవరి స్పిన్ గుర్తు మీంచి జరిగిపోతోందో ముందు వాళ్లకి ఒంటరిగా సరిచెయ్యాలి. స్పిన్ జరిగిపోవడం సింగిల్స్‌లో మార్కుల సమస్య, పెయిర్స్‌లో ఒంటి సమస్య. స్పిన్‌లో భంగిమ మారేటప్పుడు ఒకరు గట్టిగా "చేంజ్" అనాలి. పెద్ద పోటీల వీడియోల్లో కూడా ఆ అరుపు వినిపిస్తుంది.

బ్రాడీపేట_4వలైన్
బందరురోడ్డు గారూ, కథ సగంలో ఆపారు. ఆ దెబ్బకి ఆమె మాట కూడా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. 1998 నాగానో ఒలింపిక్స్‌లో అంటోన్ సిఖరులిద్జేతో రజతం, 2002 ఒలింపిక్స్‌లో బంగారం. ఆ 2002 పోటీలో న్యాయనిర్ణేతల గొడవ వల్లే కెనడా జంట సాలే, పెల్టియేలకి కూడా బంగారం ఇచ్చారు. 6.0 మార్కుల పద్ధతి పోయి ఇప్పటి పాయింట్ల పద్ధతి వచ్చింది కూడా దాని తర్వాతే.

నాగానోలో ఆ జంటని చూసి జపాన్ సింగిల్స్ అమ్మాయి యూకో కవాగుచి పెయిర్స్‌కి మారింది. వెళ్లి పట్టుకున్నది వాళ్ల కోచ్‌నే, తమారా మోస్క్వినా. మోస్క్వినా ఎవరనుకున్నారు? 1962 నుంచి 1966 దాకా అయిదుసార్లు సోవియట్ సింగిల్స్ ఛాంపియన్. తర్వాత అలెక్సీ మిషిన్‌తో జత కట్టి 1969 ప్రపంచ పోటీల్లో రజతం. రెండో మెట్టు అన్నవాళ్లు ఈ మెట్టు కూడా ఎక్కి చూడాలి.

బందరురోడ్డు
సరే, ఒక మెట్టు దిగుతున్నా. కానీ భాగస్వామి వదిలేస్తే? అది చెప్పండి. సింగిల్స్‌లో మన కెరీర్ మన కాళ్ల మీద ఉంటుంది. ఇక్కడ సగం ఇంకొకరి కాళ్ల మీద.

లట్జ్_లలిత
ఇది మాత్రం నిజం. దీన్ని ఎవరూ కొట్టిపారెయ్యకండి. అబ్బాయిలు తక్కువ, అమ్మాయిలు ఎక్కువ. జత విడిపోతే అబ్బాయికి నెలలో ఇంకొకరు దొరుకుతారు, అమ్మాయి ఏళ్లు ఎదురుచూడాలి. ఐస్‌లో అయితే దేశాలే మారతారు. యుక్రెయిన్‌లో పుట్టిన అల్యోనా సావ్‌చెంకో జర్మనీకి వెళ్లి రాబిన్ షోల్కోవితో 5 ప్రపంచ టైటిళ్లు గెలిచింది. అతను ఆపేశాక ఫ్రాన్స్ అబ్బాయి బ్రూనో మాసోతో కొత్తగా మొదలు. అతను జర్మన్ భాష పరీక్ష నెగ్గి పౌరసత్వం తెచ్చుకుంటేనే ఒలింపిక్స్. 2018లో షార్ట్ ప్రోగ్రామ్‌లో అతను ట్రిపుల్ సాల్కౌ బదులు డబుల్ వేశాడు, నాలుగో స్థానం. ఫ్రీ ప్రోగ్రామ్‌లో 159.31 తెచ్చుకుని బంగారం.

సోవియట్ పెయిర్స్ స్కేటర్ ఇరీనా రోద్నినాది ఇంకో తరహా. 1969 నుంచి 1978 దాకా వరసగా 10 ప్రపంచ టైటిళ్లు. ముందు ఉలనోవ్‌తో, తర్వాత జైత్సెవ్‌తో. మనిషి మారినా టైటిల్ మారలేదు.

కృష్ణలంక_కుర్రాడు
10 ఏళ్లు వరసగానా. మా కాలేజీ క్యాంటీన్ కాంట్రాక్టు కూడా అంత నిలవలేదు.

ఎనిమిది_చక్రాలు
భాగస్వామి భయానికి ఒక మందు ఉంది: సింగిల్స్ సాధన మొత్తం ఆపకపోవడం. వారంలో 6 రోజులు అనుకుంటే 3 రోజులు పెయిర్స్, 2 సింగిల్స్, ఒకటి నేల మీద కసరత్తు. పెయిర్స్ రోజున కూడా మొదటి 20 నిమిషాలు ఎవరి జంపులు వాళ్లవి. మీగన్ డుహామెల్ కెనడాలో సింగిల్స్ కూడా ఆడిన మనిషి. అందుకే ఎరిక్ రాడ్‌ఫర్డ్‌తో పక్కపక్కన ట్రిపుల్ లట్జ్ పెట్టగలిగింది. దాని విలువ 5.9, డబుల్ ఆక్సెల్ 3.3. రెండు ప్రపంచ టైటిళ్లు, 2015, 2016. 2018 ఒలింపిక్స్‌లో థ్రో క్వాడ్ (నాలుగు చుట్ల) సాల్కౌ దిగింది. ఒలింపిక్స్‌లో అది దిగిన మొదటి స్త్రీ ఆమే. జంపులు కాపాడుకున్నందుకు వచ్చిన వడ్డీ అది.

గోంగూర_పచ్చడి
మరి వయసు? 12కే ఇంత కంగారు అవసరమా?

లట్జ్_లలిత
కంగారు అక్కర్లేదు. డియానా స్టెల్లాటో-డ్యూడెక్ 2000లో ప్రపంచ జూనియర్ సింగిల్స్‌లో రజతం తెచ్చుకుంది. తుంటి గాయాలతో ఆట వదిలేసింది. 2016లో మళ్లీ వచ్చింది, ఈసారి పెయిర్స్. 2024లో మాంట్రియల్‌లో మాక్సిమ్ డేషాంతో ప్రపంచ టైటిల్, అప్పటికి ఆమెకి 40 ఏళ్లు. ఈ ఆటలో ప్రపంచ టైటిల్ గెలిచిన స్త్రీలలో అందరికంటే పెద్దది ఆమే. అబ్బాయిల వైపు చూస్తే జపాన్ ర్యూయిచి కిహారా 2013 దాకా సింగిల్స్. ఇద్దరు భాగస్వాములు మారాక 2019లో రికు మియురా దొరికింది, 2023లో ప్రపంచ టైటిల్. లిఫ్టు బలం రావడానికే ఏళ్లు పడుతుంది.

ఐస్‌లో సీనియర్ స్థాయికి కనీస వయసు కూడా 15 నుంచి 17కి పెంచారు, 2024–25 సీజన్ నుంచి.

పటమట_రవి
ఐస్ మన జిల్లాలో లేదు కదా. చక్రాల మీద నేర్చుకున్నది ఐస్‌కి పనికొస్తుందా?

బ్రాడీపేట_4వలైన్
తారా లిపిన్స్కీ చక్రాల మీదే మొదలుపెట్టి 6 ఏళ్లకి ఐస్‌కి మారింది. 15 ఏళ్లకి, 1998లో ఒలింపిక్ బంగారం. కానీ మార్పు తేలిక కాదు. చక్రాల స్కేటులో ఒళ్లు వాల్చితే కింద ట్రక్కు (ఇరుసుని పట్టుకునే భాగం) వంగి వంపు తిరుగుతుంది. బ్లేడుకి రెండు అంచులు, మధ్యలో గాడి. వాల్చడం అదే, జవాబు మాత్రం వేరు. ముందున్న రబ్బరు స్టాపర్ మీద బరువు వేసే అలవాటుతో ఐస్ మీద టో పిక్ (బ్లేడు ముందుండే పళ్లు) తగిలించుకుని బోర్లా పడేవాళ్లే ఎక్కువ. ఐస్ నుంచి చక్రాలకి వస్తే జంపు దిగాక జారుడు చాలదు, ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

ఆటోనగర్_యాక్సిల్
ఇక నా పేటకి వచ్చారు కాబట్టి సామాను సంగతి నేను చెప్తా. జంటలో ఇద్దరి చక్రాలూ ఒకే గట్టిదనం ఉండాలి. ఒకరివి గట్టివి, ఒకరివి మెత్తవి అయితే ఒకే తోపుకి ఒకరు ముందుకెళ్లిపోతారు, చేతులు లాగేసుకుంటాయి. కోచ్‌లు "సింక్ లేదు" అని పిల్లల్ని తిడతారు, తప్పు చక్రాలది.

నున్నటి నేలకి మెత్తవి, గరుకు కాంక్రీటుకి గట్టివి. మన ఊరి ఎండకి ఇంకో చిక్కు ఉంది. రోళ్లు పగిలే ఎండలో నేల కాలితే చక్రం మెత్తబడి పట్టేస్తుంది, స్పిన్ తిరగదు. అదే సెట్టు తెల్లవారుజామున 5.30కి బాగా తిరుగుతుంది. పొద్దున బావుంది, సాయంత్రం పోయింది అంటే పిల్ల మరిచిపోయిందని కాదు. దుమ్ము దీనికి ఎదురు: పట్టాల్సిన నేల కూడా జారుతుంది. థ్రో చేసే రోజు ముందు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే దిగండి.

మంగళగిరి_మగ్గం
కుషన్లు కూడా చెప్పండి.

ఆటోనగర్_యాక్సిల్
ట్రక్కు దగ్గర రబ్బరు కుషన్లుంటాయి. బిగిస్తే దిగేటప్పుడు నిలకడ, వదిలితే ఎడ్జ్‌లు లోతు. పాప బరువు తక్కువ కాబట్టి మెత్తటి కుషన్, అబ్బాయికి గట్టిది. ఎత్తేవాడి స్కేటు ఊగితే పైనున్న అమ్మాయికి అది పదింతలు తెలుస్తుంది. నట్టు ఒక్కసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు. తిప్పాక పది నిమిషాలు ఒంటరిగా స్కేట్ చేసి చూసుకున్నాకే జత.

బందరురోడ్డు
ఇంత సామాను, ఇంత కొలత. నేను రెండో మెట్టు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. పక్క మెట్టు అనుకోండి. దిగేటప్పుడు మాత్రం చూసుకుని దిగండి.

పటమట_రవి
కోచ్ గారిని అడగాల్సినవి రాసుకున్నా. ఇద్దరూ తిరిగే వైపు, వారంలో సింగిల్స్ రోజులెన్ని, లిఫ్టు నేల మీద ఎన్ని నెలలు. పాప స్పిన్‌లో కుడి స్కేటు కొంచెం గరగరమంటోంది, దానికీ పెయిర్స్‌కీ సంబంధం లేదనుకోండి.

ఆటోనగర్_యాక్సిల్
ఉందండీ. గరగరమనే చక్రం ఆలస్యంగా తిరుగుతుంది, అబ్బాయితో తోపు కలవదు. 8 చక్రాలకి 16 బేరింగులు. ఒక్కో చక్రం వేలితో తిప్పి చూడండి, ముందుగా ఆగేది పట్టుకోండి. కొనేముందు ఇరుసు కొలవండి. 8 మిల్లీమీటర్లయితే 608 నంబరు బేరింగు, అది ఆటోనగర్‌లో ఎక్కడైనా ఇస్తారు. ఆర్టిస్టిక్ ప్లేట్లలో చాలావాటికి ఇరుసు 7, దానికి 627 కావాలి. బయటి కొలత రెండింటిదీ 22 కాబట్టి కొట్టువాడు "ఇదే సార్" అని 608 చేతిలో పెడతాడు. చక్రంలో చక్కగా కూర్చుంటుంది, ఇరుసు మీద లొడలొడలాడుతుంది. పాత బేరింగు జేబులో వేసుకెళ్లండి.